ఊగిపోయిన వీడియోని ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిలబెట్టడం

చేత్తో పట్టుకుని తీసిన వీడియోలో అదురు ఒకే రకంగా ఉండదు. కదలకుండా నిలబడి తీసినా చేతిలో సన్నటి వణుకు ఉంటుంది. అది సెకనుకు 8 నుంచి 12 సార్లు వస్తుంది. నడుస్తూ తీస్తే అడుగు పడిన ప్రతిసారీ పైకీ కిందకీ కుదుపు వస్తుంది. మామూలు నడకలో అది సెకనుకు దాదాపు రెండుసార్లు. ఆ నడకలోనే ఒళ్ళు కుడికీ ఎడమకీ ఊగడం వేరే, అది రెండడుగులకు ఒకసారి. చేయి అలిసిపోయాక ఫ్రేమ్ మెల్లగా ఒక పక్కకి జారిపోవడం ఇంకో రకం. వీటితో పాటు మనం కావాలని చేసిన కదలిక కూడా అదే క్లిప్‌లో ఉంటుంది: కెమెరాని పక్కకి తిప్పడం, మనిషి వెనకాల నడవడం లాంటివి.

సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడాలేవీ తెలియవు. ఒక ఫ్రేమ్‌కీ తర్వాతి ఫ్రేమ్‌కీ మధ్య బొమ్మ ఎంత జరిగింది, ఎంత తిరిగింది అన్నదే దానికి కనిపిస్తుంది. ఏ కదలిక పోవాలో, ఏది ఉండాలో మనం తేల్చుకోవాలి. క్లిప్‌ని ఒకసారి మొత్తం చూసి ఆ సంగతి తేల్చుకున్నాకే సెట్టింగుల జోలికి వెళ్ళండి. స్లైడర్లన్నీ చివరిదాకా లాగేస్తే బాగుపడే క్లిప్‌లు చాలా తక్కువ.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. అదురు తీయడమంటే ప్రతి ఫ్రేమ్‌నీ అది కదిలిన వైపుకి ఎదురుగా జరపడమే. జరిపినప్పుడల్లా ఒక అంచున ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ కనబడకుండా బొమ్మని జూమ్ చేస్తారు. 1920×1080 క్లిప్‌ని 10 శాతం జూమ్ చేస్తే మీకు మిగిలే అసలు పిక్సెళ్ళు సుమారు 1745×982. అదే 20 శాతమైతే 1600×900. నిలకడకి మనం కట్టే వెల ఇదే. 4కె (3840×2160) లో తీసిన క్లిప్‌ని 1080పి (1920×1080) టైమ్‌లైన్‌లో, అంటే ఎడిటర్‌లో క్లిప్‌లు పేర్చే పట్టీలో, పెడితే రెండు రెట్ల జూమ్ దాకా స్పష్టత తగ్గదు. తుది వీడియో 1080పి చాలనుకున్నా 4కె లో తీయమనేది అందుకే.

ముందు క్లిప్‌ని సిద్ధం చేయడం

చాలా ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ని, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లన్న లెక్కని, స్థిరంగా ఉంచవు. వెలుతురు తగ్గితే 30 కాస్తా 24కి పడిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది. ఇలాంటి క్లిప్‌ని ఎడిటర్‌లో వేస్తే మాటకీ పెదవులకీ పొంతన తప్పుతుంది. అదురు లెక్కలో కూడా మధ్యమధ్య చిన్న గెంతులు వస్తాయి. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర ఏముందో చూడండి. వేరియబుల్ (మారుతూ ఉండేది) అని ఉంటే వీడియోల్ని మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వేసి, వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 16 నుంచి 18 మధ్య పెట్టి మార్చుకోండి. ఆర్‌ఎఫ్ అంకె తగ్గేకొద్దీ నాణ్యతా, ఫైల్ సైజూ రెండూ పెరుగుతాయి. షాట్‌కట్ అనే ఉచిత ఎడిటర్ అయితే ఇలాంటి ఫైల్ తెరవగానే ఎడిటింగ్‌కి అనువుగా మార్చమంటారా అని తనే అడుగుతుంది. మార్చమనండి.

తర్వాత అనవసరమైన ముక్కలు కోసేయండి. రికార్డ్ బటన్ నొక్కినప్పుడు వచ్చే కుదుపు, ఆపేటప్పుడు ఫోన్ కిందికి వాలిపోవడం, ఈ రెండూ విశ్లేషణకి వెళ్ళనే కూడదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు క్లిప్ మొత్తానికీ ఒకే జూమ్ లెక్కగడతాయి. చివరి అర సెకనులో ఫోన్ వాలిందని ముందున్న నిమిషమంతా బొమ్మ పెద్దదైపోతుంది. ఒకే ఫైల్‌లో రెండు మూడు షాట్లు అతికి ఉంటే వాటిని కూడా విడదీయాలి. కట్ దగ్గర బొమ్మ ఒక్కసారిగా మారిపోతుంది కదా, దాన్ని సాఫ్ట్‌వేర్ పెద్ద కుదుపనుకుంటుంది.

పైనా కిందా నల్లపట్టీలు గానీ, మూలన తేదీ, వాటర్‌మార్క్ లాంటివి గానీ ముద్రపడి ఉంటే క్రాప్ చేసి, ఆ క్రాప్ చేసిన కాపీని ఎగుమతి చేసుకుని దాని మీద పని చేయండి. బొమ్మంతా కదులుతున్నా ఆ అక్షరాలు కదలవు. సాఫ్ట్‌వేర్ వాటిని పట్టుకుందంటే వీడియో నిలకడగానే ఉందని లెక్కవేసి అదురుని అలాగే వదిలేస్తుంది.

ఫోన్‌లో ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ (అదురు తనే తగ్గించే సదుపాయం) ఆన్‌లో ఉండగా తీసిన క్లిప్ ఒకసారి సర్దుబాటు అయిపోయినట్టే. దాని మీద ఇంకోసారి చేస్తే మధ్యలో బొమ్మ నిలబడి, మూలలు మాత్రం నీటిలో నీడలా అలలాడతాయి. అలాంటి క్లిప్‌కి చాలా తక్కువ మోతాదు చాలు. ఇకమీదట ఎడిటింగ్‌లోనే సరిచేసుకోవాలనుకుంటే తీసేటప్పుడే దాన్ని ఆపేయండి. లెన్స్‌లో ఉండే ఆప్టికల్ స్టెబిలైజేషన్ మామూలు ఎడిటర్లకి అడ్డు కాదు, ఆన్‌లోనే ఉంచుకోవచ్చు.

డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్

కంప్యూటర్‌లో చెప్పుకోదగ్గ గ్రాఫిక్స్ కార్డు ఉంటే మొదట పట్టాల్సింది ఈ ఎడిటర్‌నే. ఉచిత వెర్షన్‌లో స్టెబిలైజర్ ఉంది, వాటర్‌మార్క్ పడదు, 3840×2160 దాకా ఎగుమతి చేసుకోవచ్చు. లినక్స్ వాడేవాళ్ళకి మాత్రం ఒక చిక్కుంది. అక్కడ ఉచిత వెర్షన్ హెచ్.264, హెచ్.265 ఫైళ్ళని తెరవదు. వాళ్ళు క్లిప్‌ని ముందు ఎడిటింగ్‌కి వాడే డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఫార్మాట్‌కి మార్చుకోవాలి, లేదంటే కింద చెప్పిన కెడెన్‌లైవ్ అనే ఎడిటర్ వాడుకోవాలి.

ఎడిట్ పేజీలో టైమ్‌లైన్ మీద క్లిప్ ఎంచుకుని, కుడివైపు పైన ఇన్‌స్పెక్టర్ తెరిస్తే వీడియో ట్యాబ్‌లో స్టెబిలైజేషన్ అనే భాగం ఉంటుంది. అందులో ముందుగా తేల్చుకోవాల్సింది మోడ్.

పర్‌స్పెక్టివ్ మోడ్ పక్కలకి జరగడం, తిరగడం, దగ్గరా దూరం కావడంతో పాటు కోణం వంపుని కూడా సరిచేస్తుంది. అన్నీ కలిసొస్తే ఫలితం అద్భుతంగా ఉంటుంది. అయితే కెమెరాకి దగ్గరలో మనుషులున్నా, చెట్ల కొమ్మలున్నా గోడలు సాగినట్టూ వంగినట్టూ కనిపిస్తాయి. సిమిలారిటీలో ఆ వంపు సవరణ ఉండదు. జరగడం, తిరగడం, జూమ్ వరకే చూసుకుంటుంది. ట్రాన్స్‌లేషన్ అయితే అడ్డంగానూ నిలువుగానూ జరిగినదాన్ని మాత్రమే సరిచేస్తుంది. నడుస్తూ తీసిన క్లిప్‌లకి సిమిలారిటీతో మొదలుపెట్టడమే మేలు. పర్‌స్పెక్టివ్‌ని భవనాలు, దూరపు దృశ్యాల లాంటి గట్టి నేపథ్యాలకి ఉంచుకోండి. సిమిలారిటీలోనూ బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు పెద్దదీ చిన్నదీ అవుతుంటే ట్రాన్స్‌లేషన్‌కి దిగండి.

క్రాపింగ్ రేషియో అన్న అంకె చాలామందిని తికమక పెడుతుంది, ఎందుకంటే అది తిరగేసి పనిచేస్తుంది. 1.0 దగ్గర అసలు ఏమీ జరగదు. తగ్గించేకొద్దీ ఎక్కువ క్రాప్‌కి మీరు ఒప్పుకున్నట్టు లెక్క, అంతమేరకు సాఫ్ట్‌వేర్ గట్టిగా పనిచేస్తుంది. 0.8 దగ్గర మొదలుపెట్టి 0.1 చొప్పున తగ్గించుకుంటూ రండి. అదురు కంటికి ఆనకుండా పోయిన చోట ఆగిపోండి. స్మూత్ పెంచితే కదలిక నునుపవుతుంది, తగ్గిస్తే అసలు కదలికకి దగ్గరగా ఉంటుంది. ఈ రెండిట్లో ఏది మార్చినా స్టెబిలైజ్ బటన్ మళ్ళీ నొక్కాలి. నొక్కకపోతే పాత ఫలితమే కనిపిస్తూ ఉంటుంది.

స్ట్రెంగ్త్ వేరు. విశ్లేషణ ఫలితంలో ఎంత వంతు వాడాలన్నది అది చెబుతుంది. 1 అంటే మొత్తం, 0 అంటే ఏమీ లేదు. మళ్ళీ విశ్లేషణ అక్కర్లేదు. ఈ స్లైడర్‌ని చాలామంది ముట్టుకోరు కానీ, ఫలితం సహజంగా ఉండటానికి ఎక్కువగా పనికొచ్చేది ఇదే. 0.6 నుంచి 0.8 మధ్య పెడితే చేత్తో తీసిన జీవం కాస్త మిగిలి, కంటిని ఇబ్బందిపెట్టే భాగం తగ్గుతుంది.

జూమ్ టిక్‌ని ఆన్‌లో ఉంచితే నల్ల అంచులు తనే కప్పేస్తుంది. కెమెరా లాక్ అన్న టిక్ కదలిక మొత్తాన్నీ తుడిచేసి స్టాండ్ మీద పెట్టి తీసినట్టు చేస్తుంది. అది ఆన్ చేస్తే క్రాపింగ్ రేషియో, స్మూత్ పనిచేయవు. ఒకచోట నిలబడి, ఒకే వైపు చూస్తూ తీసిన షాట్‌లకే దాన్ని వాడండి. కెమెరా కాస్త పక్కకి తిరిగినా జూమ్ భరించలేనంత పెరిగిపోతుంది.

షాట్‌కట్, కెడెన్‌లైవ్

పాత కంప్యూటర్ల మీద కూడా నడిచే ఈ రెండిటికీ వెనక ఉన్నది విడ్‌స్టాబ్ అనే ఒకే లైబ్రరీ. కమాండ్లతో నడిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో ఉన్నదీ అదే. కాబట్టి ఒకచోట నేర్చుకున్న అంకెలు మిగతా చోట్ల కూడా పనికొస్తాయి. ఇది రెండు దశల్లో పనిచేస్తుంది. మొదటి దశలో క్లిప్ మొత్తం చూసి కదలికల్ని ఒక ఫైల్‌లో రాసుకుంటుంది, రెండో దశలో ఆ ఫైల్ ప్రకారం ఫ్రేమ్‌లని జరుపుతుంది.

షాట్‌కట్‌లో క్లిప్ ఎంచుకుని ఫిల్టర్స్‌లో స్టెబిలైజ్ చేర్చండి. ఎనలైజ్ నొక్కితే ఫలితాన్ని ఎక్కడ దాచాలని అడుగుతుంది. వీడియో ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. ఆ ఫైల్ తర్వాత చెరిగిపోతే ఫిల్టర్ పనిచేయదు. జాబ్స్ ప్యానెల్‌లో పని పూర్తయ్యేదాకా తెర మీద ఏ మార్పూ కనిపించదు కాబట్టి కంగారుపడి మళ్ళీ మళ్ళీ నొక్కకండి. షేకినెస్, యాక్యురసీ మొదటి దశకి చెందినవి, మారిస్తే మళ్ళీ ఎనలైజ్ చేయాలి. జూమ్, స్మూతింగ్ రెండో దశవి, ఎన్నిసార్లయినా మార్చి చూసుకోవచ్చు.

కెడెన్‌లైవ్‌లో దీన్ని ఎఫెక్ట్‌ల జాబితాలో వెతికితే దొరకదు. ప్రాజెక్ట్ బిన్‌లో క్లిప్ మీద రైట్‌క్లిక్ చేసి, క్లిప్ జాబ్స్‌లో స్టెబిలైజ్ ఎంచుకోవాలి. పని అయ్యాక బిన్‌లో కొత్త క్లిప్ వస్తుంది. టైమ్‌లైన్‌లో వేసుకోవాల్సింది ఆ కొత్తదాన్ని.

షేకినెస్ 1 నుంచి 10 దాకా ఉంటుంది. ఒక్క ఫ్రేమ్‌లో బొమ్మ ఎంత దూరం గెంతుతుందని ఊహించుకుని వెతకాలో చెప్పే అంకె ఇది. నిలబడి తీసినదానికి 4 లేదా 5, నడకకి 6 నుంచి 8, పరుగుకి 10. అనవసరంగా పెంచితే విశ్లేషణ నెమ్మదిస్తుంది. యాక్యురసీకి హద్దు 15, దాన్ని అక్కడే ఉంచేయండి.

అసలు కీలకం స్మూతింగ్‌లో ఉంది. ఎంత పెట్టాలో ఊహించనక్కర్లేదు, లెక్కవేయొచ్చు. అక్కడ 10 అని పెడితే ప్రతి ఫ్రేమ్‌కీ ముందున్న పదీ, వెనకున్న పదీ, అదీ కలిపి 21 ఫ్రేమ్‌ల సగటు దారి తీస్తుంది. ఒక అదురు పోవాలంటే అది ఒకసారి వచ్చిపోయే కాలం కన్నా ఈ కిటికీ, అంటే సగటు తీసే ఫ్రేమ్‌ల నిడివి, బాగా పెద్దదిగా ఉండాలి. 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 30 ఫ్రేమ్‌లు) వీడియోలో సన్నటి చేతివణుకు మూడు నాలుగు ఫ్రేమ్‌లకోసారి వస్తుంది కాబట్టి 10 పెడితే బాగానే పోతుంది. అడుగు పడేది 15 ఫ్రేమ్‌లకోసారి, దానికి కనీసం 20 కావాలి. అంటే 41 ఫ్రేమ్‌లు. ఒళ్ళు ఇటూ అటూ ఊగడం 30 ఫ్రేమ్‌లకోసారి, దాన్ని కూడా తగ్గించాలంటే 30 పెట్టాలి. అప్పుడు కిటికీ 61 ఫ్రేమ్‌లు, అంటే రెండు సెకన్లు. 60 ఎఫ్‌పీఎస్‌లో తీసి ఉంటే ఈ అంకెలన్నీ రెట్టింపు చేసుకోండి. చాలామంది 60 ఎఫ్‌పీఎస్ క్లిప్‌కి కూడా 10తో సరిపెట్టి, నడక కుదుపు పోలేదని సాఫ్ట్‌వేర్‌ని తప్పుపడుతుంటారు. అక్కడ 21 ఫ్రేమ్‌లంటే సెకనులో మూడో వంతే, ఒక్క అడుగు కూడా పట్టదు.

అలాగని 80, 100 పెట్టకండి. కెమెరాని కావాలని పక్కకి తిప్పినచోట మీరు తిప్పకముందే బొమ్మ కదలడం మొదలుపెట్టి, తిప్పడం ఆగాక కూడా జారుతూనే ఉంటుంది. ఆ రెండుచోట్లా అంచుల ఖాళీ విపరీతంగా పెరిగి, దాన్ని కప్పడానికి జూమ్ కూడా పెరుగుతుంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కమాండ్ రాసుకునే అలవాటుంటే ఆప్ట్‌జూమ్ అన్న పరామితి గుర్తుంచుకోండి. 1 పెడితే క్లిప్ అంతటికీ ఒకే జూమ్, 2 పెడితే అవసరాన్ని బట్టి మారే జూమ్. మారే జూమ్‌లో సగటున పిక్సెళ్ళు ఎక్కువ మిగులుతాయి కానీ, బొమ్మ దగ్గరకీ దూరానికీ మెల్లగా కదులుతూ ఉండటం కొందరి కంటికి తెలిసిపోతుంది. చిన్న క్లిప్‌లకి 1 మంచిది. జూమ్ వల్ల వచ్చే మెత్తదనానికి చివర్లో కొద్దిగా షార్పెన్ చేర్చండి. ముందు చేర్చి తర్వాత జరిపితే అంచుల చుట్టూ తెల్లగీతలు ఎక్కువగా కనిపిస్తాయి.

జైరోఫ్లో

ఈ ప్రోగ్రామ్‌ది పూర్తిగా వేరే దారి. బొమ్మని చూసి కదలికని ఊహించదు, కెమెరాలోని జైరోస్కోప్ (కెమెరా ఎటు ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) రాసిపెట్టిన సమాచారాన్ని చదువుతుంది. గోప్రో, ఇన్‌స్టా360, సోనీ కెమెరాల్లో చాలా మోడళ్ళు ఆ సమాచారాన్ని వీడియో ఫైల్‌లోనే దాస్తాయి. చీకటైనా, ఫ్రేమ్ నిండా జనం కదులుతున్నా, ఎదురుగా ఖాళీ గోడే ఉన్నా దీనికి తేడా పడదు. మామూలు స్టెబిలైజర్లు చేతులెత్తేసేది సరిగ్గా అలాంటి చోట్లే.

ఫైల్‌ని అందులో పడేయండి. మోషన్ డేటా కనిపిస్తుందో లేదో, లెన్స్ ప్రొఫైల్ (మీ లెన్స్ బొమ్మని ఎలా వంచుతుందో చెప్పే వివరాలు) పట్టుకుందో లేదో చూసుకోండి. ప్రొఫైల్ రాకపోతే మీ కెమెరా పేరూ, రిజల్యూషనూ కొట్టి వెతికి పెట్టండి. తప్పు ప్రొఫైల్ పెడితే మూలలు అలలాడతాయి. ఆ తర్వాత సింక్ చూడాలి. జైరో సమయానికీ వీడియో సమయానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా ఉన్నా పాత అదురు పోకపోగా కొత్తది చేరుతుంది. ఆటో సింక్ నొక్కి, క్లిప్‌లో బాగా కదలిక ఉన్నచోట్ల గుర్తులు పడ్డాయో లేదో చూడండి. గోప్రోలో హైపర్‌స్మూత్ లాంటి కెమెరా స్టెబిలైజేషన్‌ని తీసేటప్పుడే ఆపి ఉండాలి. ఆన్‌లో ఉంటే బొమ్మ ఒకటి చెబుతుంది, జైరో ఇంకోటి చెబుతుంది.

ఎక్కడ తేడా కొడుతుంది, ఎందుకు

అదురు పోయి మసక మిగిలిపోవడం అన్నిటికన్నా మొండి సమస్య. షట్టర్ తెరిచి ఉన్న ఆ క్షణంలో కెమెరా కదిలితే ఆ ఫ్రేమే చెరిపినట్టు అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌ని సరైన చోటికి జరపగలదు గానీ, అందులో పడిన మసకని తీయలేదు. ఫలితంగా బొమ్మ కదలకుండా నిలబడి, అడుగు పడిన ప్రతిచోటా రెండు మూడు ఫ్రేమ్‌లు మసకబారి మళ్ళీ తేరుకుంటాయి. అదురుతో పాటు వచ్చే మసకని కన్ను పట్టించుకోదు, నిలబడిన బొమ్మలో వచ్చే మసక మాత్రం వెంటనే గుచ్చుకుంటుంది. ఇలాంటి క్లిప్‌లో స్ట్రెంగ్త్‌ని 0.5 దాకా దించి, కొంత కదలికని వెనక్కి రానివ్వండి. మసకకి ఒక కారణం కనిపిస్తుంది, కన్ను సర్దుకుపోతుంది. తర్వాతిసారి తీసేటప్పుడు షట్టర్ 1/50 సెకను దగ్గర కాకుండా 1/100 లేదా 1/200 దగ్గర పెట్టుకోండి. దీపాల వెలుగులో అయితే 50 హెర్ట్జ్ కరెంటున్నచోట 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/120 దాటకండి. దాటితే వెలుతురు మినుకుమంటుంది.

నిలువు గీతలు, స్తంభాలు రబ్బరులా ఊగుతున్నాయంటే అది రోలింగ్ షట్టర్ పని. సెన్సర్ ఫ్రేమ్‌ని పైనుంచి కిందకి వరుసలవారీగా చదువుతుంది. చదువుతుండగానే కెమెరా కదిలితే పై వరుసలు ఒకచోటా, కింది వరుసలు ఇంకోచోటా పడతాయి. ఇంజిన్ అదురు తగిలే బండి మీద తీసిన వీడియోల్లో ఇది ఎక్కువ. పర్‌స్పెక్టివ్ మోడ్ దీన్ని ఇంకా పెంచుతుంది, ట్రాన్స్‌లేషన్ కొంత దాచుతుంది. నిజంగా సరిచేయాలంటే జైరోఫ్లోలో రోలింగ్ షట్టర్ సవరణ ఆన్ చేసి, ఆ కెమెరా ఫ్రేమ్ చదివే సమయాన్ని మిల్లీసెకన్లలో ఇవ్వాలి.

ఎవరైనా ఫ్రేమ్‌కి అడ్డంగా నడిచి వెళ్ళగానే నేపథ్యమంతా వాళ్ళ వెంట జరిగిందంటే సాఫ్ట్‌వేర్ ఆ మనిషిని పట్టుకుందన్నమాట. రిజాల్వ్ ఫ్యూజన్ పేజీలో ట్రాకర్ నోడ్ (ఎంచుకున్న బిందువుని వెంబడించేది) వేసి, నేపథ్యంలో కదలనిది ఒకటి ఎంచుకోవాలి. కిటికీ మూల, బోర్డు మీది అక్షరం, ఏదైనా సరే, వెలుగూ నీడా స్పష్టంగా కలిసే చోటు కావాలి. బొమ్మ తిరగడం కూడా సరిచేయాలంటే ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు బిందువులు తప్పవు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మూవీ క్లిప్ ఎడిటర్ కూడా ఇదే పని ఉచితంగా చేస్తుంది.

నీళ్ళు, ఆకాశం, సాదా గోడ, చీకటి గది, వీటిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. విడ్‌స్టాబ్‌లో మినిమమ్ కాంట్రాస్ట్ 0.3 ఉంటుంది, 0.15 దాకా తగ్గించి చూడండి. చీకటి క్లిప్‌లో గ్రెయిన్ (సన్నటి చుక్కలు, దీన్నే నాయిస్ అంటారు) గంతులేస్తుంటే ముందు నాయిస్ తగ్గించి కాపీ తీసుకుని, ఆ తర్వాత విశ్లేషణకి ఇవ్వండి. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో నాయిస్ రిడక్షన్ లేదు, షాట్‌కట్‌లో ఉంది.

వేగం మార్చాలనుకున్న క్లిప్‌కి ముందు అదురు తీసి, తర్వాతే వేగం మార్చండి. రిజాల్వ్‌లో అయితే అదురు తీశాక కాంపౌండ్ క్లిప్‌గా (ఒక మూటలా కట్టిన క్లిప్‌గా) మార్చి, ఆ కాంపౌండ్ క్లిప్ వేగాన్ని మార్చితే రెండూ ఒకదానికొకటి అడ్డుపడవు. 60 ఎఫ్‌పీఎస్‌లో తీసినదాన్ని 30 టైమ్‌లైన్‌లో సగం వేగంతో నడిపితే అదురు కూడా సగం నెమ్మదిస్తుంది. కొన్ని క్లిప్‌లకి ఆ ఒక్కటీ చాలు, స్టెబిలైజర్ అవసరమే రాదు.

ఎగుమతికి ముందు తెర నిండా పెట్టి చూడండి, కానీ బొమ్మ మధ్యలోకి కాకుండా నాలుగు మూలలకీ చూపు పెట్టండి. సాగడం, అలలు, ఒక్క ఫ్రేమ్‌లో మెరిసిపోయే నల్ల అంచు, అన్నీ అక్కడే బయటపడతాయి. ఆ నల్ల అంచు ఒకటి రెండు ఫ్రేమ్‌లలోనే ఉంటే క్లిప్ మొత్తాన్ని జూమ్ చేయనక్కర్లేదు. అక్కడ మాత్రం ట్రాన్స్‌ఫార్మ్‌లో జూమ్‌కి కీఫ్రేమ్‌లు (ఏ క్షణంలో ఎంత ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి అర సెకను ముందు నుంచి రెండు మూడు శాతం పెంచి, తర్వాత అంతే మెల్లగా దించండి. యూట్యూబ్‌కి ఎక్కించేదైతే 1080పి, 30 ఎఫ్‌పీఎస్‌కి 8 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 60 ఎఫ్‌పీఎస్‌కి 12 ఎంబీపీఎస్ అని వాళ్ళు సూచించే అంకెలు. అంతకన్నా కాస్త ఎక్కువే ఇవ్వండి, ఎందుకంటే జూమ్ అయిన బొమ్మని వాళ్ళు మళ్ళీ కుదిస్తారు.